పోయిన సందేశములు



2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇండ్లు మునిగినప్పుడు, బియ్యముతోను బట్టలతోను సెల్‌ఫోనులు, కంప్యూటర్లు కూడ నీటిపాలాయెను. వరద లేకున్నను, ఈ-మెయిల్ ప్రోగ్రాము చెడిన నింతే. దూరపు యంత్రములో మరియొక ప్రతి యున్న సరి. మనయొద్దనే దాచినవి పోయిన పోయినవే.

పోయినవాటిలో “సంక్రాంతికి నీ అప్పు తీర్చెదను” అను సందేశ మున్నదనుకొనుడి. ఆధారము పోయెను. అప్పుకూడ పోయెనా? ఇచ్చినవాడు అడుగ జంకును, పుచ్చుకొన్నవాడు వినకున్నట్లుండును. కోర్టు రుజువు నడుగును. అది దాని పని. కాని మాట యిచ్చినవాని హృదయములో ఆ మాట తడవలేదు గదా! మొదట నోరు తెరువవలసినవాడు అతడే. ఇచ్చినవాడు వచ్చి బ్రతిమాలువరకు ఊరకుండుట దొంగతనమునకు దగ్గరి చుట్టమని నా అభిప్రాయము.

యిర్మీయా 36వ అధ్యాయము చూడుడి. యెహోయాకీము రాజు చలికాలపు నగరులో కూర్చుండి, చదివించుకొనిన గ్రంథమును ముక్కలుగా కోసి కుంపటిలో పడవేసెను. (చలి కాచుకొనుటకు ఆయనకు వేరే కట్టెలు లేకపోయెను కాబోలు!) గ్రంథము బూడిదయైనందున తనపై వచ్చిన తీర్పు తప్పినదని తలంచెనేమో. యిర్మీయా మరియొక చుట్ట తీసికొని బారూకు చేతికిచ్చెను. యిర్మీయా చెప్పగా బారూకు మునుపటి మాటలన్నియు వ్రాసెను. అటువంటివి మరి అనేకములు దానికి చేర్చబడెను.