వంతు

మా ఊళ్లల్లో ఎవరినీ ‘నాయకుడు’ అనరు. ఆ మాట గోడ మీది పోస్టర్లది. ‘లీడర్’ అంటారు గానీ, అది ఎక్కువగా ఎగతాళికే. పనీపాటా లేకుండా చౌరస్తాలో తిరిగే పిల్లగాణ్ని “ఏం లీడరూ, యాడికి?” అని పలకరిస్తారు. నలుగురూ నిజంగా మాట వినే మనిషికి మాత్రం పేరు ఒకటే: పెద్దమనిషి. ఆ పేరు ఓట్లతో రాదు, జుట్టు నెరిసినంత మాత్రాన రాదు. అన్నదమ్ములు భూమి పంచుకునే రోజునో, ఆడపిల్ల కాపురం చెడిన రోజునో “ఆయన్ని పిలవండి” అని ఎవరో ఒకరు అంటారు. ఆ రోజు ఆ పేరు వచ్చినట్టు.

ఆ మనిషి దగ్గర ఏముంటుందా అని చాలా కాలం ఆలోచించాను. గొంతు పెద్దది కాని వాళ్లను చూశాను, చదువు లేని వాళ్లను చూశాను, ఎకరం పొలం లేని వాళ్లనూ చూశాను. అందరిలో కనిపించింది ఒక్కటే. వాళ్లకు వంతు తెలుసు.

ఎంత చిన్న మాటో అంత లోతు. బోరింగు దగ్గర బిందె పెట్టి నిలబడితే అది వంతు. ఆస్తి పంచినప్పుడు మన చేతికొచ్చింది వంతు. “నా వంతు నేను చేస్త” అన్నప్పుడు నెత్తికెత్తుకున్న పనీ వంతే. ఓపిక, వాటా, బాధ్యత... మూడింటికీ కలిపి మనవాళ్లు ఒకే మాట పెట్టుకున్నారు. ఎందుకో నాకు ఆలస్యంగా తెలిసింది, అదీ ఒక ముసలమ్మ చెబితే.

ఉట్నూరు అవతల, అడవి అంచున ఒక ఊరి బడికి హెడ్‌మాస్టర్‌గా వెళ్లిన కొత్త. మొదటి నెలలోనే తల్లిదండ్రుల మీటింగ్ పెట్టాను. క్రమశిక్షణ, హాజరు, శుభ్రత, చదువు విలువ... యాభై నిమిషాలు మాట్లాడాను. అంతా నిశ్శబ్దంగా విన్నారు. నా మాటలకు కట్టుబడిపోయారని మురిసిపోయాను. చివర్లో “ఎవరైనా ఏమైనా చెప్తారా?” అని అడిగాను గానీ, అప్పటికే పిల్లలు కుర్చీలు ఎత్తేస్తున్నారు. ఎవరూ నోరు విప్పలేదు. గేటు దగ్గర ఒక ముసలమ్మ ఆగింది. మనవడు నాలుగో తరగతి.

“మంచిగ చెప్పిన్రు సార్. బోరింగు చెడిపోయి పదిహేను రోజులాయె. పిల్లలు వాగు నీళ్లు తాగుతున్నరు. గది చెప్దామనే వచ్చినం.”

“మరి మీటింగ్‌లో చెప్పొద్దా అమ్మా?”

“మా వంతు రాలే గద సార్.”

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

ఆ చలికాలమే కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్లాను. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ. దానికి ముందు గోండుల్లో మెస్రం వంశం వాళ్లు చెప్పుల్లేని కాళ్లతో రోజుల తరబడి నడిచి, జన్నారం దగ్గరి హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు ఝారీలో మోసుకొస్తారు. జాతర నుంచి వచ్చినవాళ్లు డోళ్ల మోత గురించి, జనం గురించి చెబుతారు. నా చూపు మాత్రం గోవాడ దగ్గర ఆగింది. అది మెస్రం వాళ్లు వండుకునే చోటు, చుట్టూ గోడ కట్టిన ఆవరణ. అందులో పొయ్యిలు 22. ఎన్ని కుటుంబాలు వచ్చినా ఆ 22 మీదే వండుకోవాలి. ఒకరి గిన్నె దిగాకే ఇంకొకరి గిన్నె ఎక్కాలి.

గోడ ఇవతల నిలబడి చాలాసేపు ఆలోచించాను. మూడు రాళ్లు పెడితే పొయ్యి అవుతుంది. అడవిలో రాళ్లకేం కరువు? అయినా 23వ పొయ్యి వెలగదు. వెలిగితే వంట తొందరగా అవుతుంది, నిజమే. కానీ ఎవరి పొయ్యి వాళ్లదైన రోజు ఒకరి కోసం ఒకరు ఆగాల్సిన పని ఉండదు. ఆగాల్సిన పని లేనిచోట పక్కవాడి ఆకలి కంటికి ఆనదు. ఆ వంశం పెద్దలు సహనం మీద ఉపన్యాసాలు ఇచ్చి ఉండరు. పొయ్యిల లెక్క పెంచకుండా ఉంచారు, అంతే. గుణం అనేది మాటల్లో చెబితే నిలవదు, అలవాటులో పెడితే నిలుస్తుంది అని వాళ్లకు తెలుసు. నేను యాభై నిమిషాలు చెప్పింది, వాళ్లు 22 పొయ్యిలతో చెప్పారు.

అదే జాతరలో దర్బారు జరుగుతుంది. కలెక్టరు, అధికారులు వచ్చి కూర్చుంటారు, గిరిజనులు అర్జీలు ఇస్తారు. దాని వెనుక ఒక నెత్తుటి కథ ఉంది. సాగు చేసుకున్న భూమి నుంచి, పశువుల మేత నుంచి, వంటచెరకు నుంచి అడవి మనుషులను ఫారెస్టు వాళ్లు వెళ్లగొడుతుంటే కుమ్రం భీమ్ గోండులను, కోలాములను కూడగట్టి ఎదురు నిలిచాడు. 1940లో జోడెఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. అంతా అయ్యాక గానీ సర్కారుకు ఒక ప్రశ్న పుట్టలేదు: అసలు వీళ్ల బాధ ఏమిటి?

ఆ ప్రశ్నకు జవాబు వెతికే పని క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ మీద పడింది. వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త. పరిశోధన కోసం వచ్చి, రెండో ప్రపంచ యుద్ధం వల్ల హైదరాబాద్ రాజ్యం దాటి పోలేక చిక్కుబడ్డవాడు. రాజధానిలో కూర్చుని నివేదిక రాస్తే కాదనేవాళ్లు లేరు. ఆయన, భార్య బెట్టీ మార్లవాయి అనే ఊరికి వెళ్లి గోండుల మధ్య ఇల్లు కట్టుకున్నారు. ముందు గోండి నేర్చుకున్నారు. చెప్పడం అవతలివాళ్ల వంతు అనుకున్న మనిషి చేసే మొదటి పని అదే. ఇవతలి భాషలో అడిగితే ఇవతలికి కావలసిన జవాబే వస్తుంది.

విన్నాక చేసిన పనుల్లోనూ ఆ వరుస కనిపిస్తుంది. భూములకు పట్టాలు ఇవ్వాలన్నాడు. బడి పెట్టాలంటే గోండి వచ్చిన పంతుళ్లు లేరు. అందుకని 1943లో మార్లవాయిలో ముందు గోండు యువకులకే పంతుళ్లుగా శిక్షణ మొదలుపెట్టారు, గోండి వాచకాలు తయారుచేశారు. నాగోబా దర్బారు కూడా ఆ 1940ల్లోనే ఆయన చొరవతో మొదలైంది. అర్జీ పట్టుకుని అడవి దాటి కచేరీకి నడిచే మనిషి దగ్గరికి, ఏడాదికి ఒక్కసారైనా కచేరీయే నడిచి రావాలన్నది ఆలోచన. 1987లో బెట్టీ చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో లండన్‌లో కన్నుమూసిన ఆయన అస్థికలూ తర్వాత ఆమె పక్కకే చేరాయి. మాట్లాడి వెళ్లినవాళ్లను జనం గుర్తుపెట్టుకుంటారో లేదో గానీ, కూర్చుని విన్నవాళ్లకు నేలలో చోటిస్తారు.

ఏ దర్బారులోనైనా వేదిక మీద ప్రసంగాలు సాగేకొద్దీ కింద అర్జీలు పట్టుకున్న చేతులు అలాగే ఉండిపోతాయి. అలాంటిది చూసినప్పుడు నవ్వే హక్కు నాకు లేదు. నా బడిలో జరిగిందీ అదే.

అయితే వినడం ఒక్కటే పెద్దరికమైతే, ఊళ్లో అందరికన్నా పెద్దమనిషి రచ్చబండ మీది వేపచెట్టు. అది అందరి మాటా వింటుంది, ఎవరికీ అడ్డం చెప్పదు. వినడం పూర్తయ్యాక ఒక ఘడియ వస్తుంది. అప్పుడిక ఎవరి వైపూ చూడటానికి ఉండదు. చెప్పాల్సింది మనమే.

దీనికి మా పాత కరీంనగర్ జిల్లా వంగర మనిషే సాక్ష్యం. పి.వి.నరసింహారావు మితభాషి, ఆలోచించి ఆలోచించి గానీ అడుగు వేయరని పేరు. 1991 ఎన్నికల్లో పోటీ కూడా చేయలేదు, పుస్తకాలు సర్దుకుంటున్నారు. అలాంటి మనిషి జూన్ 21న ప్రధాని అయ్యారు. పార్లమెంటులో మెజారిటీ లేదు. ఖజానాలో రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా విదేశీ మారకం మాత్రమే ఉంది. ఇంకొంత కాలం ఆగుదాం అనడానికి ఎన్ని కారణాలు కావాలంటే అన్ని దొరికేవి. జూలై మొదటి మూడు రోజుల్లోనే రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు, నెల తిరగకముందే బడ్జెట్‌తో ఆర్థిక విధానం దారే మారింది. మంచిదో చెడ్డదో వాదించుకోవచ్చు. వంతు వచ్చినప్పుడు తప్పుకోలేదు అన్నది మాత్రం నిజం.

అదే మనిషి 1992 డిసెంబర్ 6న అయోధ్యలో మసీదు కూలుతుంటే ఏం చేశారన్న ప్రశ్న ఇప్పటికీ ఆయన్ని వదల్లేదు. ఒకచోట ఓర్పు అనిపించుకున్న అలవాటే ఇంకోచోట జాగు అయింది. నాకిది భయపెట్టే పాఠం. మన మంచి గుణమే ఏ రోజు మన తప్పవుతుందో ముందుగా తెలియదు. మౌనంగా ఉన్న ప్రతిసారీ ‘వింటున్నానా, తప్పించుకుంటున్నానా’ అని లోపల ఒకసారి తట్టి చూసుకోవాలి. ఆ జవాబు పక్కవాళ్లు చెప్పలేరు.

వంగర ఉన్న భీమదేవరపల్లి మండలంలోనే ముల్కనూరు ఉంది, ఇప్పుడు హన్మకొండ జిల్లా. 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి చొరవతో 14 ఊళ్ల రైతులు అక్కడ సహకార సంఘం పెట్టుకున్నారు. సభ్యులు 373 మంది, వాటా ధనం 2,300 రూపాయలు. తలా ఆరు రూపాయల పైచిలుకు. ఇక్కడ వంతుకు రెండో అర్థం కనిపిస్తుంది. వాటా పెట్టిన మనిషి సంఘాన్ని ‘వాళ్లది’ అనడు, ‘మాది’ అంటాడు. మాది అన్నాక లెక్క అడుగుతాడు. లెక్క అడిగితే కోపం రాని అధ్యక్షుడున్న చోట అప్పు తిరిగొస్తుంది, ఎరువు వేళకు అందుతుంది, వడ్లకు ధర పలుకుతుంది. పెట్టినాయన పోయినా సంఘం పోలేదు.

అదే ముల్కనూరులో 2000లో ఆడవాళ్లు పాల డెయిరీ పెట్టారు. పొదుపు సంఘాల్లో పదీ పరకా దాచుకుంటూ లెక్కలు నేర్చుకున్న చేతులే దాన్ని నడిపాయి. సభ్యులూ వాళ్లే, పాలకవర్గమూ వాళ్లే. పాల పేరు ‘స్వకృషి’. పాలకేంద్రం నాకు ఎప్పుడూ ఒక చిన్న న్యాయస్థానంలా కనిపిస్తుంది. పొద్దున్నే క్యాన్లు పట్టుకుని వరుసలో నిలబడతారు. అధ్యక్షురాలైనా పాలు పోసే మనిషే. వెన్న శాతం కొలిచే మిషన్ ఎవరి మొహమూ చూడదు. తాను పెట్టిన కొలతకు ముందు తానే నిలబడటం: ఇంతకన్నా పెద్ద నాయకత్వ పాఠం ఏ శిక్షణ తరగతిలో ఉంది?

ఇవన్నీ ఒక్కరోజులో అర్థమైనవి కావు. ఆ మొదటి మీటింగ్ తర్వాత నేను చేసింది చాలా చిన్న పని. రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి కొని, బడి వరండాలో మేకుకు దారంతో వేలాడదీశాను. ఎవరు ఏం అడిగినా అందులో తేదీ వేసి రాయాలి. రాయడం రాని వాళ్లకు ఐదో తరగతి పిల్లలు రాసిపెట్టాలి. ఎదుటి పేజీలో అది ఏమైందో నేను రాయాలి. మొదటి పేజీలో బోరింగు. ఎదురుగా నా రాత: ‘చెప్పాను’. వారం తర్వాత: ‘మళ్లీ చెప్పాను’. పదకొండో రోజున: ‘బాగైంది’. కొన్ని పేజీల ఎదుట ‘నా వల్ల కాలేదు’ అని రాయాల్సి వచ్చింది. మొదటిసారి ఆ మాట రాయడానికి చెయ్యి ఆడలేదు. రాశాక తెలిసింది, దానితో నా గౌరవం తగ్గలేదని. వేరే దారి ఏదైనా ఉందా అని నలుగురు కూర్చుని మాట్లాడింది ఆ పేజీల దగ్గరే.

తర్వాతి మీటింగుల్లో చివర్న మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. మొదట్లో ఎంత కష్టమో! నాలుక చివర జవాబు ఉన్నా ఆపుకోవాలి. చాలాసార్లు నా వంతు వచ్చేసరికి నేను చెప్పాలనుకున్నది ఇంకెవరో నాకన్నా బాగా చెప్పేసి ఉండేవాళ్లు.

నాలుగేళ్లకు బదిలీ అయింది. పిల్లలు దండ వేశారు, ఒకరిద్దరు మాట్లాడారు. సామాను సర్దుకుంటూ గుర్తుగా ఉంటుందని మేకు మీది నోటుబుక్కు తీసి సంచిలో పెట్టుకున్నాను. అప్పటికి అది మూడోది. గేటు దగ్గర మళ్లీ ఆ ముసలమ్మే ఆగింది. మనవడు ఇప్పుడు హైస్కూలు. సంచి వైపు చూసింది.

“సార్, బుక్కు ఈడ్నే పెట్టిపోండ్రి. వచ్చే సార్‌కు కావాలె గద.”

తీసి ఆమె చేతికిచ్చాను. తనే వెళ్లి మేకుకు తగిలించి వచ్చింది.