కొమ్ములో ఉప్పు, సంచిలో ఛార్జర్

ప్రయాణికుడు తన వెంట ఎన్ని వస్తువులు ఉంచుకోవచ్చు అన్నది బౌద్ధ భిక్షువుల నియమావళి అయిన వినయంలో పెద్ద ప్రశ్నే. అమరావతి, భట్టిప్రోలు, చందవరం ఆరామాలు వెలిసిన నేల ఎరిగిన ధర్మమది. భిక్షువుకు ఎనిమిది వస్తువులు చాలునన్నారు: మూడు చీవరాలు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, నీళ్లు వడకట్టే గుడ్డ.

ఈ లెక్క బరువును చూసి వేసింది కాదు. బుద్ధుడి నిర్యాణం తర్వాత సుమారు నూరేళ్లకు వైశాలిలో రేగిన వివాదంలో పది అంశాలున్నాయి. వాటిలో మొదటిది కొమ్ములో ఉప్పు దాచుకోవడం. ఉప్పులేని కూడు దొరికినప్పుడు పనికొస్తుందని వజ్జి భిక్షువులు దాన్ని వెంట ఉంచుకున్నారు. చిటికెడు ఉప్పు ఎవరి భుజానికీ బరువు కాదు. అయినా దాచిన ఆహారం కిందికి వస్తుందని పెద్దలు కాదన్నారు. ఓడిన పక్షమే మహాసాంఘికులనే వేరు శాఖ అయిందని సింహళ గ్రంథాలంటాయి. ఇతర సంప్రదాయాలు ఒప్పుకోవు. అమరావతి ఉన్న ధాన్యకటకంలో వేళ్లూనిన చైత్యకులు మాత్రం ఆ మహాసాంఘికుల శాఖే.

గుంటూరు, ఒంగోలు నుంచి హైదరాబాదుకో డాలస్‌కో వెళ్లేవారి సంచిలో ఇప్పటి ఉప్పుకొమ్ము లాప్‌టాప్ ఛార్జర్. దాన్ని చిన్నది చేసింది గాలియం నైట్రైడ్. ఇది సిలికాన్ కంటే వేగంగా, తక్కువ నష్టంతో స్విచ్ అవుతుంది. స్విచింగ్ వేగం పెరిగేకొద్దీ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైనా సరిపోతుంది; నష్టం తక్కువ కాబట్టి వేడీ తగ్గుతుంది. అలా 65 వాట్ల అడాప్టర్ అరచేతిలో ఇమిడింది. (అమెరికా బల్లపరుపు పిన్నులు మడిచిపెట్టొచ్చు; మన గుండ్రటి మూడు పిన్నులకు ఆ సుఖం తక్కువ.)

వినయం కళ్లతో చూస్తే ఇందులో తగ్గింది బరువే, పరిగ్రహం కాదు. తేలికే కదా అని ఇంట్లో ఒకటి, సంచిలో ఒకటి చేరతాయి. అదనపు భిక్షాపాత్రను పది రోజులు మించి ఉంచుకోరాదన్న నియమం సరిగ్గా ఈ అలవాటు మీదే పెట్టింది. అయితే అది భిక్షువుకే. అమరావతి స్తూపానికి పూర్ణఘట ఫలకం దానమిచ్చిన చర్మకారుడు విధికుడు ఎంత ఉప్పు దాచుకున్నా అడిగేవారు లేరు. పని చేసుకుని బతికే గృహస్థు ఛార్జర్ మానుకోలేడు; ఎన్ని కావాలన్నది మాత్రం అతని చేతిలోనే ఉంది.

ఆ సంఖ్యను తగ్గించగలిగేది టైప్‌-సి. 2021లో యూఎస్‌బీ పవర్ డెలివరీ హద్దు 100 వాట్ల నుంచి 240కి పెరిగింది కాబట్టి ఫోనుకూ, పెద్ద లాప్‌టాప్‌కూ ఒక్క ఛార్జరే పెట్టుకోవచ్చు. ఐరోపా సమాఖ్య ఈ పోర్టును ఫోన్లకు 2024 డిసెంబరు 28 నుంచి, లాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 నుంచి తప్పనిసరి చేసింది. వినయంలో ఇంకో నియమముంది: ఐదు అతుకులైనా పడని పాత్రను వదిలి కొత్తది తెచ్చుకోవడం భిక్షువుకు దోషం. పాత అడాప్టర్లు చాలావాటికి అతుకు వేసే వీలే లేదు. మెడ దగ్గర తీగ చిట్లితే మొత్తం పారేయడమే. టైప్‌-సి ఛార్జర్లలో ఎక్కువ వాటికి తీగ విడిగా వస్తుంది, పాడైతే అదొక్కటే మారుస్తారు.