కొలువుకు ముందు ఇచ్చే మాట

కొలువులో చేరకముందే యజమాని అన్యాయమైనది అడిగితే కాదనడం ధర్మమేనా అన్న ప్రశ్నకు ఓరుగల్లు సీమలో అందరికీ తెలిసిన కథ ఒకటి ఉంది. భాగవతాన్ని తనకు అంకితమివ్వమని రాచకొండ ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుడు కోరాడనీ, బమ్మెర పోతన ఒప్పుకోలేదనీ చెబుతారు. అందులో చరిత్ర ఎంతైనా, కథలో పోతన స్థితి మాత్రం స్పష్టం: రాజు సొమ్ము తినలేదు, రాజుకు మాటివ్వలేదు. తీర్చవలసిన రుణమేదీ లేనివాడు కాదంటే అది కృతఘ్నత కాదు.

అదే భాగవతం అష్టమ స్కంధంలో బలి చక్రవర్తి కథ దీనికి ఎదురు నిలుస్తుంది. శుక్రాచార్యుడు వారించినా బలి ఇచ్చిన మాట తప్పలేదు. ఉద్యోగి నోరు మూయించడానికి ఈ కథను వాడుకోవడం అన్యాయం. బలి మూడు లోకాలు ఏలుతున్న దాత. ఇల్లు గడవక తలూపినవాడి మాటను అతని మాటతో తూచకూడదు.

కౌటిల్యుడికి ఈ తేడా తెలుసు. వేతనం ముందు అనుకున్నట్టే ఇవ్వాలనీ, అనుకోకపోతే పనినీ కాలాన్నీ బట్టి ఇవ్వాలనీ అర్థశాస్త్రం విధించింది. పని నీచమైనదైనా, చేసేవాడికి శక్తి లేకపోయినా, రోగమో ఆపదో వచ్చినా ఒప్పందం నుంచి తప్పుకోనిచ్చింది.

అవసరం పిండుకున్న అంగీకారం అంగీకారమేనా అన్నది అసలు చిక్కు. ఏషియాడ్ నిర్మాణ కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు కాదనే చెప్పింది: కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టి, పేదరికపు ఒత్తిడి కూడా బలవంతమే. దొరల గడీల కింద వెట్టి చేసిన తెలంగాణకు ఈ మాట కొత్త కాదు.

అయితే ప్రతి షరతూ దౌర్జన్యం కాదు. మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు బాండును సుప్రీంకోర్టు 2025లో సమర్థించింది. నియామకానికి అయిన ఖర్చును కాపాడుకోవడం వేరు; అసలు సర్టిఫికెట్లు దాచుకోవడం, చేరకముందే జీతం లేని పని అప్పగించడం వేరు. మొదటిదానికి కారణం చెప్పవచ్చు, రెండోది మనిషిని గుప్పిట్లో పెట్టుకోవడం. అలాంటి కోరిక వచ్చినప్పుడు కారణం అడగాలి, షరతును రాతపూర్వకంగా ఇమ్మనాలి, చేయగలిగినదేదో చేయలేనిదేదో మర్యాదగా, సంతకానికి ముందే చెప్పాలి. తప్పుకునే స్తోమత లేని అభ్యర్థి తలొగ్గితే ఆ దోషం అడిగినవాడిది.