వ్యాధిగ్రస్తుని కాయకము

వీరశైవ ధర్మమున కాయకమునకు గల స్థానము మహోన్నతమైనది. ఏ వృత్తియైనను సత్యశుద్ధముగ జరిపినచో అది శివపూజయే యగునని బసవేశ్వరుడు 12వ శతాబ్దమున కల్యాణపురమున బోధించెను. అయితే దేహము సహకరింపని దినములలో ఆ కాయకమేమగును? మంచము పట్టిన భక్తుడు ధర్మభ్రష్టుడగునా? ఇటీవలి వత్సరములలో అనేక గృహములలో ఈ ప్రశ్న మౌనముగ కన్నీరు పెట్టించుచున్నది.

కొన్ని వైరస్ వ్యాధులు జ్వరము తగ్గుటతో ముగియవు. 2006వ సంవత్సరమున రాయలసీమ జిల్లాలలో చికున్‌గున్యా ప్రబలినపుడు కీళ్లనొప్పులు పలువురిని నెలల తరబడి, కొందరిని సంవత్సరముల తరబడి బాధించినవి. 2020లో లోకమంతట వ్యాపించిన కోవిడ్ విషయమునను ఇట్లే జరిగినది. వ్యాధి సోకిన మూడు నెలల పిమ్మటను అలసట, ఆయాసము, మతిమరపు వంటి లక్షణములుండి, అవి కనీసము రెండు నెలలు నిలిచి, వేరు కారణము కానరానిచో దానిని కోవిడ్ అనంతర స్థితిగా నెంచవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో నిర్వచించెను.

ఇట్టి వ్యాధి దేహముతోపాటు మనస్సును గూడ క్రుంగదీయును. పైకి జ్వరము లేదు, గాయము లేదు. పరీక్షలలో తరచుగా ఏమియు తేలదు. అయినను నేతగానికి మగ్గము ముందు పోగుల లెక్క తప్పును. గృహిణి వంట నడుమ చతికిలబడును. "లేచి నాలుగడుగులు వేసిన అదే పోవునురా" అని పెద్దలందురు. "నేను సోమరినైతినా? శివుడు నన్ను విడనాడెనా?" అని రోగి లోలోన కుములును. నిద్ర చెడును, దిగులు, భయము పెరుగును. లింగపూజకు కూర్చున్నను మంత్రము నడుమ మనస్సు జారిపోవును. అది భక్తిలోపము గాదు, రోగలక్షణము. శివుని శాపము అసలే గాదు.

ఇచ్చట ఆయ్దక్కి మారయ్య కథ స్మరింపదగినది. నేలరాలిన బియ్యము నేరి తెచ్చి జంగమ దాసోహము చేయుట ఆ శరణుని కాయకము. ఒకనాడాయన నిత్యమునకు మించి బియ్యము తెచ్చెను. ధర్మపత్ని లక్కమ్మ దానిని చూచి, అది ఆశయేగాని కాయకము గాదని పలికి, అధికమైన దానిని తిరిగి యచ్చటనే పోసి రమ్మని పంపెనని శరణ చరిత్రలు తెలుపుచున్నవి.

ఈ కథలోని ధర్మము బియ్యమునకే గాక బలమునకును వర్తించును. కాయకమునకు పరిమాణము ప్రధానము గాదు. నాటికి తగిన కొలత ప్రధానము. దీర్ఘవ్యాధి గలవారిలో పలువురు శక్తికి మించి శ్రమించినచో మరునాడో, ఆపై నాడో మరింత క్రుంగుదురు. కావున రేపటి బలమును నేడే వెచ్చించుటయు ఆశయే. నాడు గంటసేపు చేసిన పని నేడు పావుగంటతో ముగించి విశ్రమించుట సోమరితనము గాదు. ఆ పావుగంటయే నేటి కాయకము. కూర్చుండలేనివాడు పడుకొనియే ఇష్టలింగమును అరచేత నిడుకొని ఒక్కమారు పంచాక్షరి స్మరించినను అది పూజయే యగును.

ఇక కుటుంబము వారి కర్తవ్యము. పంచాచారములలో భృత్యాచారమొకటి. శివభక్తులకు తాను సేవకుడనను వినయమే దాని సారము. ఆ వినయము మఠమున జంగముని యెడ చూపి, ఇంటనున్న రోగి యెడ మరచుట తగదు. రోగి మాట నమ్ముటయే ప్రథమ సేవ. "ఏమైనది?" అని పదిమార్లడుగుట కంటె, "నేడు నీకెంత చేతనగును?" అని ఒక్కమారడుగుట మేలు.

రెండు వారములకు మించి దిగులు వీడకున్నను, దేనియందును ఆసక్తి లేకున్నను వైద్యునికి చూపవలెను. బ్రతుకు వలదను మాట నోట వెలువడినచో ఒంటరిగ విడువక తక్షణమే సహాయము కోరవలెను. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వము నెలకొల్పిన టెలి మానస్ సేవ 14416 సంఖ్యకు ఫోను చేసినచో రేయింబవళ్లు ఉచితముగ లభించును, తెలుగులోనే మాటలాడవచ్చును. నుదుట విభూతి ధరించి వైద్యుడిచ్చిన మందు సేవించుట విశ్వాసలోపము గాదు. శరీరమును దేవాలయముగ భావించు మతమున, దానిని బాగుచేసికొనుటయు కాయకమే.