నక్షత్రం ఎందుకు కడతారు నాన్నా?

క్రిస్మస్ ధ్యానాలు – 3వ భాగం
చదవవలసిన వాక్య భాగాలు: నిర్గమకాండము 12:24-27, లూకా 2:1-24, 2 తిమోతి 1:1-5



డిసెంబరు నెల వచ్చింది. ఊళ్ళో ఇళ్ళకి సున్నాలు వేస్తున్నారు. వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితాలు అంటించి, పిల్లలు నక్షత్రాలు కడుతున్నారు. ఎవరో సరుగుడు కొమ్మ నరికి తెస్తారు, అదే క్రిస్మస్ చెట్టు. సాయంత్రమైతే యూత్ వాళ్ళు డప్పు పట్టుకుని క్యారల్స్ కి తిరుగుతారు. సండే స్కూల్లో చిన్నపిల్లలకి తువ్వాలు చుట్టి గొర్రెల కాపరులను చేస్తారు. ఇంట్లో అరిసెల పాకం, జంతికల గిద్దలు. ఇవన్నీ మనకి ఫోనులో ఫోటోలుగా వస్తాయి. ఫోటోలతో పాటు ఒక లిస్టు కూడా వస్తుంది. బాబుకి బూట్లు, పాపకి గౌను, కేకు, లైట్లు, చర్చికి చందా.

మనం ఎక్స్ఛేంజికి వెళ్ళి డబ్బు పంపుతాం. రసీదు ఫోటో తీసి ఇంటికి పెడతాం. చాలామందికి క్రిస్మస్ ఏర్పాటు అక్కడితో అయిపోయినట్టే. ఈరోజు మీరు కాసేపు ఆగి ఒక్క మాట ఆలోచించాలని అడుగుతున్నాను. మీ ఇంట్లో జరుగుతున్న ఈ పండుగలో మీ పిల్లవాడికి మీరు ఎక్కడ కనిపిస్తున్నారు?

ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి బయలుదేరిన రాత్రి సంగతి మీకు తెలుసు. నడుముకి దట్టీ, కాళ్ళకి చెప్పులు, చేతిలో కర్ర. పిండి పులియడానికి కూడా టైము లేదు. అంత హడావుడిలో కూడా దేవుడు పిల్లల సంగతి మర్చిపోలేదు. రేపు మీరు ఈ పండుగ చేసేటప్పుడు మీ పిల్లలు ఇదంతా ఎందుకని అడుగుతారు, అప్పుడు మీరు వాళ్ళకి జవాబు చెప్పాలి అని మోషే ద్వారా ముందే ఏర్పాటు చేశాడు. పండుగను దేవుడు పిల్లలు ప్రశ్న అడిగేలాగా పెట్టాడు. జవాబు చెప్పే పని తల్లిదండ్రులకి పెట్టాడు. గొర్రెపిల్లను ఎవరైనా తెచ్చి ఇవ్వొచ్చు. జవాబు మాత్రం ఇంటివాళ్ళే చెప్పాలి.

మన పిల్లలు కూడా అడుగుతారు. "నక్షత్రం ఎందుకు కడతారు? పశువుల పాక ఎందుకు పెడతారు? యేసయ్య గడ్డిలో ఎందుకు పడుకున్నాడు?" ఈ ప్రశ్నకి జవాబు ఎవరు చెప్తున్నారు? నాన్న చెప్పకపోతే టీవీ చెప్తుంది. లేకపోతే ఎవరూ చెప్పరు, పిల్లవాడు అడగడం మానేస్తాడు.

ఇప్పుడు యోసేపును చూద్దాం. కైసరు ఔగుస్తు ఆజ్ఞ ఇచ్చాడు, అందరూ పేర్లు రాయించుకోవాలి. నజరేతు నుంచి బేత్లెహేముకు వంద కిలోమీటర్ల పైనే ఉంటుంది. నిండు చూలాలైన మరియతో ఆయన కాగితం పని మీద ప్రయాణం చేశాడు. ఇకామా కోసం, సివిల్ ఐడీ కోసం, వేలిముద్రల కోసం లైన్లో నిలబడిన మనకి ఆ ప్రయాణం వేరేవాళ్ళు వివరించక్కర్లేదు. తర్వాత హేరోదు భయంతో రాత్రికి రాత్రే పరాయి దేశమైన ఐగుప్తుకు వెళ్ళాడు. సువార్తలు నాలుగూ తిరగేసి చూడండి, యోసేపు మాట్లాడినట్టు ఒక్క మాట కూడా రాసి లేదు. కానీ చేసిన పనులు రాసి ఉన్నాయి. బిడ్డకు యేసు అని పేరు పెట్టాడు. మరియతో కలిసి బిడ్డను దేవాలయానికి తీసుకెళ్ళాడు. ఏటేటా పస్కాకి యెరూషలేము వెళ్ళాడు.

దేవాలయంలో వాళ్ళు ఇచ్చిన అర్పణ గమనించండి. రెండు పక్షులు. లేవీయకాండము 12వ అధ్యాయం చూస్తే గొర్రెపిల్లను తేలేని పేదవాళ్ళకి ఇచ్చిన వీలు అది. లోకరక్షకుణ్ణి పెంచిన ఇంట్లో గొర్రెపిల్ల కొనే డబ్బు లేదు. దాని కోసం యోసేపు అప్పు చేశాడని ఎక్కడా లేదు.

జీతం రాక, పని పోయి రూములో ఖాళీగా కూర్చున్న తమ్ముడూ, ఈ మాట నీ కోసమే. పండుగకని ఊళ్ళో ఇరవై వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెప్పిస్తే నెలకి 600, ఏడాదికి 7,200 వడ్డీయే అవుతుంది. అసలు అలాగే ఉంటుంది. కొత్త గౌను కోసం చేసిన అప్పు నిన్ను ఆ పాపకి ఇంకొన్ని నెలలు దూరం చేస్తుంది. ఉన్నదానితో చెయ్యి. రెండు పక్షుల అర్పణను దేవుడు తక్కువగా చూడలేదు.

మీలో కొందరు అంటారు, "అన్నా, యోసేపు బిడ్డ పక్కనే ఉన్నాడు. నేను ఇక్కడ ఉన్నాను. నాకెలా కుదురుద్ది?" న్యాయమైన ప్రశ్నే. దూరం దూరమే, అది లేదని నేను చెప్పను. బిడ్డ నుదురు మీద చెయ్యి పెట్టి జ్వరం చూడటం ఫోనులో అవ్వదు.

అందుకే పౌలును చూడమంటున్నాను. తిమోతి ఆయన కన్న కొడుకు కాదు, అయినా ప్రియకుమారుడా అని పిలుస్తాడు. రెండవ పత్రిక రాసేటప్పుడు పౌలు సంకెళ్ళలో ఉన్నాడు. చలికాలం వస్తుంది, కప్పుకోవడానికి త్రోయలో వదిలేసిన అంగీ తెమ్మని అడిగాడు. అలాంటి పరిస్థితిలో కూడా రాత్రీ పగలూ ప్రార్థనలో ఆ కుర్రాణ్ణి తలుచుకుంటున్నానని రాశాడు. తిమోతి కన్నీళ్ళు గుర్తున్నాయని రాశాడు. ఆ పిల్లవాడి అమ్మమ్మ లోయి పేరు, అమ్మ యునీకే పేరు రాసి, వాళ్ళ విశ్వాసాన్ని మెచ్చుకున్నాడు. మన ఇళ్ళు కూడా ఇలాగే ఉన్నాయి కదా. ఇంట్లో అమ్మమ్మ, అమ్మ. దూరంగా ఒకాయన. పౌలుకు ఉత్తరం ఒక్కటే దారి, అది కూడా ఎవరో ఒక మనిషి మోసుకెళ్ళాలి. మన చేతిలో ఫోను ఉంది.

కాబట్టి ఈ డిసెంబరులో చేయగలిగిన పనులు కొన్ని చెప్తాను.

మొదటిది, టైము చూసుకోండి. కువైట్, సౌదీ, ఖతార్, బహ్రెయిన్ లో మనం ఇండియా కంటే రెండున్నర గంటలు వెనక. దుబాయి, ఒమాన్ వాళ్ళు గంటన్నర వెనక. కువైట్లో డ్యూటీ అయ్యి, స్నానం చేసి ఏడింటికి ఫోను చేస్తే ఇంటి దగ్గర తొమ్మిదిన్నర, పిల్లలు పడుకుంటారు. నాలుగింటి టీ టైములో పది నిమిషాలు దొరికితే అక్కడ ఆరున్నర. అదే కుటుంబ ప్రార్థన టైముగా పెట్టుకోండి. రోజూ కుదరకపోతే వారానికి రెండు రోజులైనా పెట్టుకుని, ఆ రోజు తప్పకండి.

రెండోది, ఒక కంఠత వాక్యం మీరూ మీ పిల్లవాడూ కలిసి నేర్చుకోండి. వాడు అప్పజెప్పాక మీరు కూడా అప్పజెప్పండి. నాన్న తడబడితే వాడు అందిస్తాడు, ఆ సంతోషం వాడికి చాలా రోజులు ఉంటుంది.

మూడోది, నక్షత్రం కట్టేటప్పుడు వీడియోలో ఉండండి. బద్దలు తాతయ్యో మావయ్యో కడతారు. ఏ రంగు కాగితమో మీరూ పిల్లలూ కలిసి చెప్పుకోండి. వాళ్ళు ఎందుకని అడిగితే జవాబు మీరే చెప్పండి. "ఎక్కడో తూర్పు దేశంలో ఉన్నవాళ్ళకి కూడా యేసయ్య పుట్టాడని తెలియాలని దేవుడు నక్షత్రం చూపించాడమ్మా. దూరంగా ఉన్నవాళ్ళని దేవుడు మర్చిపోలేదు." ఈ మాట నాన్న నోటి నుంచి, ఆ దూరం నుంచే వస్తే బిడ్డకి బాగా అర్థమవుతుంది.

నాలుగోది, పిల్లవాడు ఫోను దగ్గరికి రాకపోతే కోప్పడకండి. రెండేళ్ళకోసారి చూసే మనిషి దగ్గర సిగ్గుపడటం సహజం. "వాడికి నా గురించి చెప్పట్లేదా" అని భార్య మీద అరవకండి. వాడు ఆడుకుంటుంటే ఊరికే చూడండి. వాడే వస్తాడు.

ఇళ్ళల్లో పని చేసే అక్కలకి, చెల్లెళ్ళకి ఒక మాట. మేడమ్ ఫోను ఇచ్చేది వారానికి ఒకసారే అని మాకు తెలుసు. దొరికిన రోజు ఒక నిమిషం వాయిస్ మెసేజ్ లో చిన్న ప్రార్థన చేసి పంపండి. ఒక్కొక్క బిడ్డ పేరూ పెట్టి చేయండి. అమ్మమ్మ దాన్ని ప్రతి రాత్రి వినిపిస్తుంది. వేరేవాళ్ళ పిల్లలకి అన్నం తినిపించే మీ చేతులను, లోపల మీ బిడ్డ గుర్తొచ్చి మింగుకున్న ఏడుపును ప్రభువు చూస్తున్నాడు.

ఇంటి దగ్గర ఉండి ఇది చదువుతున్నవాళ్ళకి కూడా చెప్తున్నాను. "నాన్న డబ్బు పంపితేనే పండుగ" అని పిల్లల ముందు అనకండి. "ఉండు, నాన్నకి చెప్తా" అని బెదిరించకండి. అలా అంటుంటే డబ్బుకీ భయానికీ తప్ప నాన్న గుర్తుకు రాడు. ప్రార్థనలో "మా నాన్నని కాపాడు ప్రభువా" అని పిల్లల చేతే చెప్పించండి.

ఇంకొక పని ఉంది. మీ వీధిలో ఒక ఇల్లు ఉంటుంది. ఆ ఇంటాయన ఫోను ఆగిపోయి ఉంటుంది. కేసులో ఇరుక్కున్నాడో, జబ్బు పడ్డాడో, పెట్టెలో ఇంటికి వచ్చాడో. ఆ ఇంటి మీద నక్షత్రం ఉండదు. మీ పిల్లల చేతికి అరిసెల గిన్నె ఇచ్చి ముందు ఆ ఇంటికి పంపించండి. కుదిరితే ఆ పిల్లలకి కూడా ఒక నక్షత్రం కట్టించండి. మీ బిడ్డ "వాళ్ళకెందుకు నాన్నా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడంలో క్రిస్మస్ మొత్తం ఉంది.

24వ తారీకు రాత్రి ఊళ్ళో పన్నెండు గంటల ఆరాధన మొదలయ్యేసరికి కువైట్లో తొమ్మిదిన్నర, దుబాయిలో పదిన్నర అవుతుంది. మనలో చాలామందికి తెల్లవారితే డ్యూటీ. చర్చికి వెళ్ళే వీలు లేని చోట మంచం మీదే మోకరించండి. పక్క మంచం అన్నకి నిద్ర చెడకుండా మెల్లగా పిల్లల పేర్లు చెప్పి ప్రార్థించండి.

ప్రార్థన: తండ్రీ, నీ కుమారుణ్ణి దూరం పంపిన నీకు మా దూరం తెలుసు. మా పిల్లలు అడిగినప్పుడు జవాబు చెప్పే మాట మాకివ్వు. మేము లేని ఇంట్లో నువ్వు ఉండు. జీతం రాని వారిని, ఫోను మోగని ఇళ్ళను జ్ఞాపకం చేసుకో. మమ్మల్ని క్షేమంగా మా పిల్లల దగ్గరికి చేర్చు. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమెన్.

మీ రూములో చదవడం రాని అన్న ఎవరైనా ఉంటే ఇది చదివి వినిపించండి. దేవునికే మహిమ కలుగును గాక. 🙏