అచ్చక్క చదవలేని పుస్తకం

రాజారావు నవల ‘కాంతాపుర’లో కథ చెప్పేది అచ్చక్క అనే ముసలావిడ. గాంధీ పేరు ఊళ్లోకి వచ్చిన దగ్గర్నుంచి ఊరు చెల్లాచెదురయ్యేదాకా అంతా ఆమె నోటి వెంటే వింటాం. హరికథ చెప్పినట్టు ఊపిరి తిప్పుకోకుండా చెబుతుంది. ఆ నవల 1938లో లండన్‌లో అచ్చయింది, ఇంగ్లీషులో. కన్నడ పల్లెలో బతికిన అలాంటి మనిషి తన మాటలుగా అచ్చయినవాటిని తాను చదవలేదు. ‘ఇది ఇలా జరగలేదు నాయనా’ అని అడ్డుచెప్పలేదు. అచ్చక్క కల్పిత పాత్రే కదా అని తేల్చేయవచ్చు. కానీ అచ్చక్కలాంటి ఆడవాళ్లు కల్పితం కాదు. భారతీయులు ఇంగ్లీషులో రాసిన సాహిత్యాన్ని చదవడానికి కూర్చుంటే మనకు ముందుగా తగలవలసిన ప్రశ్న ఇదేననిపిస్తుంది: ఒక మనిషి గురించి ఆ మనిషికి రాని భాషలో రాసినవారు ఎవరికి జవాబుదారీ?

ఈ ప్రశ్నను మంగంపేటలో నిలబడి అడిగితే దాని బరువు ఇంకా తెలుస్తుంది. ఉమ్మడి కడప జిల్లాలో, ఓబులవారిపల్లె మండలంలోని ఈ ఊరి ముగ్గురాయి ప్రపంచమంతా పేరున్నది. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడి పైకి ఎగదన్నకుండా అదిమిపెట్టడానికి ఈ రాతిపొడిని బురదలో కలుపుతారు. రాయి ఇక్కడిది, బావులు ఎక్కడెక్కడివో. ఇంగ్లీషు నవలల్లోకి ఎక్కిన మన జీవితం కూడా ఇలాంటి ఎగుమతి సరుకేనని చాలామంది అంటారు. పోలిక బాగానే ఉంది గానీ పూర్తిగా నిలవదు. లారీ ఎక్కే ముందు రాయి కాటా మీద తూకమవుతుంది; పుస్తకంలోకి వెళ్లిన బతుకుకు ఆ తూకం లేదు. పైగా రాయి వెళ్తే తిరిగి రాదు. పుస్తకం మాత్రం పాఠ్యగ్రంథమై రాజంపేటకో, రైల్వేకోడూరుకో బస్సెక్కి డిగ్రీ చదువుకు వెళ్లే పిల్ల చేతికి తిరిగొస్తుంది. తూచే అవకాశం అప్పుడు ఆ పిల్లకు వస్తుంది.

ఇంగ్లీషు చదువు మెకాలే 1835లో నాటిన విత్తనం, దాని కాయ మనకెందుకు అనేవారున్నారు. ఒక వస్తువు ఎక్కడ పుట్టిందన్నది దాని విలువను తేల్చదు కాబట్టి ఆ వాదం దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. గురజాడ ఉదాహరణ అంతకంటే లోతుగా ఆలోచింపజేస్తుంది. ఆయన 1883లో ‘సారంగధర’ను ఇంగ్లీషు కావ్యంగా రాశాడు. కలకత్తా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ మెచ్చుకుంటూనే సొంత భాషలో రాయమని సలహా ఇచ్చాడంటారు. చివరికి గురజాడ తెలుగుకే వచ్చాడు గనుక ఇంగ్లీషు ఓడిపోయినట్టే అని మనం సంబరపడతాం. ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పు చూస్తే అంత సులువుగా తేలదు. నాటకం తెలుగులో ఉంది, దాని పీఠిక ఇంగ్లీషులో ఉంది. ఏలికలకూ చదువరులకూ ఒక భాషలో విన్నవించుకుని, పసిపిల్లలను అమ్ముకునే సమాజాన్ని మరో భాషలో నిలదీశాడు. 1892లో విజయనగరంలో తెర లేచినప్పుడు ఎత్తిపొడుపు ఎవరి మీదో వాళ్లకు ఆ మాట నేరుగా అర్థమయ్యేది. అభిమానం కంటే, ఎవరు వినాలన్న ఆలోచనే భాషను ఎంచిందని నాకనిపిస్తుంది.

అయితే వినవలసినవాళ్లు వినరనుకుంటే? సుజాత గిడ్ల ‘యాంట్స్ ఎమాంగ్ ఎలిఫెంట్స్’ 2017లో అమెరికాలో వచ్చింది. ఆమె న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేస్తూ, తల్లి, మేనమామ చెప్పిన సంగతుల మీద ఒక తెలుగు దళిత కుటుంబం కథను ఇంగ్లీషులో రాసింది. ఆ మేనమామ కె.జి.సత్యమూర్తి, మనకు కవిగా తెలిసిన శివసాగర్. ఒకే ఇంట్లో ఒకరు తెలుగులో పాట కట్టి జనం మధ్యకు వెళ్లారు, ఇంకొకరు సముద్రాలకవతల, ఊరి పెద్దల భాష కాని భాషలో మాట్లాడారు. ఏది నిజాయితీ అని అడగడానికి మనకు నోరు రాదు. మాతృభాష అందరికీ ఒకేలా తలుపు తీయలేదు. గుడి మెట్ల దగ్గరా బడి అరుగు మీదా ఆ భాషలోనే అవమానం విన్నవాళ్లకు పరాయి భాష కాస్త ఊపిరాడే చోటు కావచ్చు. కాబట్టి దూరం దానంతటదే ద్రోహం కాదు. కొన్ని నిజాలకు దూరం కావాలి.

మనం మన వైపూ చూసుకోవాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం కడప జిల్లా అక్షరాస్యత సుమారు 67 శాతం. ఏడేళ్లు పైబడినవాళ్లలో మూడోవంతు మందికి తెలుగు పుస్తకమూ అచ్చక్క చేతిలో ఇంగ్లీషు పుస్తకం లాంటిదే. రాయలసీమ కరువు గురించి తెలుగులో గొప్ప కథలు వచ్చాయి. వాటిలోని మనుషులు ఎందరు వాటిని చదివి తల ఊపారు, ఎందరు కాదన్నారు? ఇంగ్లీషు రచయిత మీద మోపిన నేరం సగం మన గుమ్మంలోనూ ఉంది.

మరి చదువు ఏం చేయాలి? ఈ ప్రశ్న దగ్గర నాకు గుర్తొచ్చేది 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. అప్పటికి ఆ ఊరు కడప జిల్లాలోనే ఉండేది. చిన్నతనంలోనే ఇంగ్లండు చేరి తెలుగు మరిచిపోయిన ఆయన, తనను జగద్గురువుగా నిలబెట్టిన సంస్థను 1929లో తానే రద్దు చేశాడు. తర్వాత జీవితమంతా ఇంగ్లీషులో చెప్పిందల్లా, నేను చెప్పానని నమ్మవద్దనే. ఇంగ్లీషు సాహిత్యం తరగతిలో ఆయన కనబడడం అరుదు; తత్వమని పక్కన పెడతారేమో. కానీ గైడు పుస్తకంలోని జవాబును కంఠస్థం చేసి పరీక్ష హాల్లో అప్పజెప్పే మన పద్ధతి పక్కన ఆయన మాట పెడితే ఇబ్బందిగానే ఉంటుంది. ‘విమర్శనాత్మకంగా పరిశీలించండి’ అని ప్రశ్నపత్రం అడుగుతుంది. పరిశీలన కూడా గైడులోంచే వస్తుంది. ఉద్యోగం కోసం చదివేవాళ్లను దీనికి తప్పుపట్టడం అన్యాయం. ఇంట్లో అప్పులున్న పిల్ల మార్కుల గురించి ఆలోచించడం కూడా వివేకమే.

ఇక్కడ ఇంకో జాగ్రత్త అవసరం. మా ఊళ్లో ఇలా ఉండదు, కాబట్టి నవల అబద్ధం అనడం కూడా చదువు కాదు. ఆర్.కె.నారాయణ్ మాల్గుడి ఏ పటంలోనూ లేదు. అయినా ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ చదువుతూ పరీక్షంటే కడుపులో తిప్పడం మనకు తెలిసిన సంగతేనని ఒప్పుకుంటాం. వివరాలన్నీ సరిపోయీ మనుషులు బొమ్మల్లా నిలబడ్డ నవలలూ ఉన్నాయి. నాకు తోచిన కొలత వేరు: ఆ పాత్రకు పుస్తకం వినిపించి, ఎదురుచెప్పే అవకాశమిస్తే రచయిత తన వాక్యం మార్చుకోవలసి వస్తుందా? అచ్చక్క విషయంలో నా తీర్పు ఇది. ఊళ్లోని ఆడవాళ్ల ధైర్యం గురించి రాసిన పేజీల్లో మారనక్కర్లేదు. పరియాల వాడ గురించి ఆమె నోట పలికించిన మాటల్ని ఆ వాడవాళ్లే వింటే చాలా అడుగుతారు. ఆ చూపులోని ఇరుకుదనం ఆమెదా, రాజారావుదా అన్నది నేనింకా తేల్చుకోలేదు.

ఒక చిన్న పని చేసి చూడవచ్చు. నవల చదివిన విద్యార్థి దాన్ని ఇంటికి తీసుకెళ్లి, అమ్మకో, క్వారీలో పనిచేసే నాన్నకో, పక్కింటి అవ్వకో తెలుగులో చెప్పాలి. వాళ్లు ఎక్కడ ‘అట్లెట్లా అయితాది?’ అన్నారో రాసుకోవాలి. తరగతిలో ఆ అభ్యంతరంతోనే మాట మొదలుపెట్టాలి, అది తప్పయినా సరే, ఎందుకు తప్పో రచనలోంచి చూపించాలి. చెప్పే పిల్ల తన ఇష్టాయిష్టాలు కలిపి చెబుతుందన్న చిక్కు ఉండనే ఉంది. ఆ జవాబుకు మార్కులు ఎలా వేయాలో మాత్రం నాకింకా తోచలేదు.