చూడటం, చూసుకోవడం

మా ఇంట్లోకి అక్వేరియం నా ప్రమేయం లేకుండానే వచ్చింది. లింగంపల్లిలో ఫ్లాట్ కొనుక్కుని చేరిన నెలకి, హాల్లో ఒక గోడ బోసిగా ఉందంటూ నా సహచరుడు రెండడుగుల గాజు తొట్టి, ఆరు గోల్డ్ ఫిష్‌లు తెచ్చాడు. హైటెక్ సిటీలో పది గంటలు స్క్రీన్ ముందు కూర్చుని వచ్చే మనిషికి చేపల్ని చూస్తూ ఉంటే అలసట తీరుతుందట. తీరేది కూడా. అయితే తెలుగులో 'చూడటం' వేరు, 'చూసుకోవడం' వేరు. మొదటిది అతని వంతయింది. రెండోది, ఎవరూ చెప్పకుండానే, నా వంతయింది. నా వంతుని నేను మరొకామె మీదికి నెట్టాను. ఈ వ్యాసం ఆ నెట్టడం గురించి.

మా ఇంట్లో పనిచేసే ఆమె నాకంటే పదేళ్లు పెద్ద. నారాయణఖేడ్ వైపు నుంచి బతకడానికి వచ్చింది. నన్ను 'మీరు' అంటుంది. ఆమెను నేను 'నువ్వు' అంటాను. అంట్లకింత, ఊడ్చి తుడవడానికింత, బట్టలకింత అని విడివిడిగా మాట్లాడుకున్నాం. తొట్టి ఆ లెక్కలో లేదు. 'కాస్త అది కూడా' అన్నాను. ఇంటిచాకిరీలో అతి పెద్ద భాగం ఈ 'కాస్త'లోనే ఉంటుందని నా థీసిస్‌లో రాసినదాన్ని నేనే.

రెండు నెలలకి గాజు మీద నాచు పట్టింది. ఆదివారం ఇంటికి మిత్రులు వస్తున్నారు. శనివారం ఆమెతో తొట్టి ఖాళీ చేసి అద్దంలా మెరిసేలా కడగమన్నాను. గులకరాళ్లు, ఫిల్టర్ స్పాంజి, అన్నీ కుళాయి కింద రుద్ది కడిగింది. కుళాయి నీళ్లతోనే నింపింది. మిత్రులు ఎంత అందంగా ఉందో అన్నారు. మంగళవారం పొద్దున ఆమె నా గది గుమ్మంలో నిలబడి, "శాపలు మీదికొచ్చి నోర్లు తెరుస్తున్నయి మేడమ్" అంది. నేను ఒక సెమినార్ పత్రం పూర్తిచేసే తొందరలో ఉన్నాను. తలెత్తకుండానే "ఆకలేమో, నాలుగు గింజలెయ్యి" అన్నాను. గురువారానికి నాలుగు చేపలు చచ్చి తేలాయి.

"నీళ్లలో ఏం కలిపావు?" అని అరిచాను. సబ్బేదో వాడి ఉంటుందని నా అనుమానం. ఆమె గొంతు పెంచలేదు.

"అద్దం లెక్క మెరవాలె అన్నది మీరే గద మేడమ్. మెరిసింది. మా ఊరి చెరువుల తెల్లారంగ శాపలు గిట్ల మీదికొస్తే నీళ్లల్ల గాలి లేదంటరు. గది చెప్పనీకే వస్తి. మీరు గింజలెయ్యమంటిరి."

తప్పు చేస్తే పుస్తకాల దగ్గరికి పరిగెత్తడం మా పరిశోధకుల అలవాటు. చదివాను. చేప మొప్పల ద్వారా, వ్యర్థాల ద్వారా అమోనియా నీళ్లలోకి వస్తుంది. తినకుండా మిగిలిన గింజలు కుళ్లినా వస్తుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, మరో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ కొద్ది మోతాదులోనే విషం. మూడోది అంత ప్రమాదకరం కాదు. వారానికోసారి పావువంతు నీళ్లు మారిస్తే అదుపులో ఉంటుంది. ఈ బ్యాక్టీరియా ఎక్కువగా స్పాంజికి, గులకరాళ్లకి అంటుకుని బతుకుతుంది. నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకే స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే మెల్లగా పిండాలి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ అటు బ్యాక్టీరియానీ చంపుతుంది, ఇటు చేపల మొప్పల్నీ దెబ్బతీస్తుంది. అసలు అరవై లీటర్లు కూడా పట్టని తొట్టిలో ఆరు గోల్డ్ ఫిష్‌లు ఉంచడమే తప్పు. ఆ రోజు నేను వేయించిన గింజలు ఆ విషాన్ని పెంచాయి.

అంటే చేపని చూసుకోవడమంటే నీళ్లని చూసుకోవడం. నీళ్లని చూసుకోవడమంటే కంటికి కనిపించనివాటిని చూసుకోవడం. మెరవడం వేరు, బతకడానికి వీలుగా ఉండటం వేరు. ఈ తేడా స్త్రీలకి కొత్త కాదు. మన ఇళ్లు ఎంత మెరిస్తే మనం అంత మంచివాళ్లమని నేర్పించారు కదా. అయినా నేను ఆ మెరుపునే ఇంకొకరి చేతులతో కొనుక్కోబోయాను.

అక్వేరియం చరిత్రలోనూ ఇదే కనిపించింది. 1832లో సిసిలీలో, ఒకప్పుడు బట్టలు కుట్టి బతికిన జాన్ విల్ప్రూ పవర్ అనే ఫ్రెంచి స్త్రీ, సముద్రజీవుల్ని బతికుండగా పరిశీలించడానికి గాజు తొట్టి చేయించింది. ఆర్గొనాట్ అనే జీవి తన గుల్లని తనే తయారు చేసుకుంటుందని నిరూపించింది. 1846లో అన్నా థిన్ అనే ఆమె టార్క్వే తీరం నుంచి పగడపు జాతి జీవుల్ని లండన్‌కి తెచ్చి కొన్నేళ్లు బతికించింది. 'అక్వేరియం' అన్న మాటకి ప్రచారం, దానితోపాటు పేరు ప్రతిష్ఠలు, 1854లో పుస్తకం రాసిన ఫిలిప్ గాస్‌కి దక్కాయి. ఆ స్త్రీల్ని మరిచిపోయారని కోపగించుకోవడం నాకు సులువే. ఇక్కడే ఆగలేకపోయాను. అన్నా థిన్ తొట్టిలోకి గాలి ఎలా వెళ్లేది? తెరిచిన కిటికీ దగ్గర నిలబడి ఒక పనిపిల్ల అరగంట, ముప్పావుగంట సేపు సముద్రపు నీళ్లని ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి పోస్తుండేది. ఈ సంగతి అన్నా థిన్ స్వయంగా రాసింది. ఆ పిల్ల పేరు మాత్రం రాయలేదు.

నా థీసిస్ తీసి కృతజ్ఞతల పేజీ చూశాను. పదిహేడు పేర్లున్నాయి. చివరి మూడేళ్లు, అప్పటి అద్దె ఇంట్లో, అంట్లు తోమి నాకు సమయాన్ని మిగిల్చిన ఈమె పేరు లేదు. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలికీ అలికీ తన పేరే మరిచిపోయిన స్త్రీ మీద అందులో ఒక అధ్యాయముంది. ఆ స్త్రీ తన పేరు తను మరిచిపోయింది. నేను ఇంకొకరి పేరు మరిచిపోయాను. రెండూ ఒకటి కావు.

మిగిలిన రెండు చేపల్నీ నల్లగండ్ల చెరువులో వదిలేద్దామన్నాడు నా సహచరుడు. విముక్తి అన్న మాట నాకూ ఇష్టమే. కానీ అది వాటిది కాని నీరు. గాజు మీది నాచు తింటుందని దుకాణాల్లో అమ్మే సక్కర్ ఫిష్ దక్షిణ అమెరికాది. అడుగు దాటి పెరుగుతుంది. ఇళ్లలో పట్టక వదిలేసిన చోటల్లా స్థానిక చేపలకి పోటీ అయి కూర్చుంది. మన మత్స్యకారులు దాన్ని 'డెవిల్ ఫిష్' అని తిట్టుకుంటున్నారు. కొన్ని తప్పుల నుంచి తలుపు తీసి బయటపడలేం. బంధించినందుకు బాధ్యత పడాల్సిందే. ఆ బాధ్యత బాగా నిర్వర్తించినంత మాత్రాన బంధించడం న్యాయం కూడా అయిపోదు. బాగా చూసుకుంటున్నామన్న మాటతో మనల్ని ఎంతకాలం గాజు వెనక ఉంచారో మనకి తెలుసు.

దుకాణంలో ఆరెంజ్ క్రోమైడ్లు చూపించారు. మన దక్షిణాది తీరాల్లో ఉప్పునీరూ మంచినీరూ కలిసేచోట బతికే చేపలు. వాటిలో తల్లీ తండ్రీ ఇద్దరూ గుడ్లకి కాపలా కాస్తారట. పిల్లలు ఇద్దరి ఒంటి మీది జిగురునీ తింటాయట. చూసుకోవడం ఆడదాని స్వభావమని చెప్పేవాళ్లకి ఇది చెప్పాలనిపించింది. అయితే న్యాయాన్ని చేపల దగ్గర నేర్చుకోవలసిన అవసరం మనుషులకి లేదు. కొనలేదు.

ఇప్పుడు ఆదివారం బకెట్లు మోసేది నా సహచరుడు. ముందు రోజే పట్టి ఉంచిన నీళ్లు, అందులో క్లోరిన్ విరిచే నాలుగు చుక్కలు. వారం మధ్యలో అమోనియా పరీక్ష ఆమె చేస్తుంది. దానికి నెలకింత అని ఆమె ధర చెప్పింది. నేను ఒప్పుకున్నాను. గాజు గొట్టంలో నీళ్లు పచ్చబడుతున్నాయా లేదా అని ఇద్దరం కిటికీ దగ్గర నిలబడి చూస్తాం. నేను 'మీరు' అనడం మొదలుపెట్టాను. మొదట్లో ఆమెకి నవ్వొచ్చింది. ఇదంతా సమానత్వం కాదని నాకు తెలుసు. ఈ వ్యాసం రాస్తున్న పూట కూడా వంటింట్లో అంట్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఈసారైనా పేరు రాద్దామని ఆమెని అడిగాను. "వద్దు మేడమ్. తక్కిన ఇండ్లోళ్లు సదివితే నోరెక్కువైందంటరు. పని పోతది" అంది.

అందుకే రాయలేదు.